బిడ్డను ఎక్కడ వదిలి పోతున్నాం?

(మహిళా సంఘం కూటంలో చేసిన ప్రసంగం)



మీరంతా నన్ను టీచరమ్మా అని పిలుస్తారు. నాకు ఇంకా పెళ్లి కాలేదు. బిడ్డలు లేరు. "బిడ్డల సంగతి నీకేం తెలుసమ్మా?" అని ఎవరైనా అడిగితే ఆ మాట నిజమే. బిడ్డను పెంచేది నాకన్నా మీకే బాగా తెలుసు. ఈరోజు నేను చెప్పేది పెంపకం గురించి కాదు. మీరు పనికి పోయినప్పుడు మీ బిడ్డ ఉండే చోటు గురించి.

ఇది మామిడికాయల కాలం. బెంగళూరు రోడ్డు మీద తోతాపురి లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. బంగారుపాళ్యం మండీలో పని ఉంది. దామలచెరువు మండీలో పని ఉంది. గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ నడుస్తాయి. కాయలు ఏరాలి, కడగాలి, కోయాలి. ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఈ రెండు మూడు నెలల కూలితో ఏడాది అప్పు తీర్చుకునే ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి.

మరి బిడ్డ ఎక్కడ?

పోయిన వారం ఇదే మాట అడిగాను. ఒక అక్క "మా అత్త చూస్తుంది" అంది. ఆ అత్తకు కళ్లు సరిగా కనపడవు. ఇంకొక అక్క "పెద్దబిడ్డ చూస్తుంది" అంది. ఆ పెద్దబిడ్డకు 9 ఏళ్లు. తమ్ముడి కోసం అది బడి మానేసింది. ఒక చెల్లెలు "చెట్టుకు చీర కట్టి ఉయ్యాల వేస్తాను" అంది. ఒక వదిన ఏమీ చెప్పలేదు. తల వంచుకుని కూర్చుంది. ఆ వదిన సంగతే ముందు చెప్తాను. చెప్పమని ఆమే నాకు అనుమతి ఇచ్చింది.

ఆమె రెండేళ్ల కిందట టౌనులో పనికి పోయేది. ఒక ఇంట్లో బిడ్డలను చూసుకుంటారని తెలిసి తన కొడుకును అక్కడ వదిలింది. నెలకు ఇంత అని డబ్బు కట్టింది. ఆ ఇల్లు ఏదో, ఆ ఊరు ఏదో మనకు వద్దు. రెండు గదులు. అందులో 30 మంది దాకా బిడ్డలు. చూసేది ఒకే ఒక మనిషి. ఆమె చెడ్డమనిషి కాదు. ఒక్కతే ఎంతమందిని చూస్తుంది? వంట ఆమే చేయాలి. కడిగేది ఆమే, తుడిచేదీ ఆమే.

అక్కడ తెల్ల ఫినాయిల్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి, కిటికీ కింద పెట్టారు. తెల్ల ఫినాయిల్ చూసేదానికి పాల మాదిరి ఉంటుంది. బిడ్డ తాగాడు. ఎవరో "ఉప్పునీళ్లు తాపి కక్కించండి" అన్నారు. అలాగే కక్కించారు. అది తప్పు. ఫినాయిల్, కిరోసిన్, యాసిడ్ లాంటివి తాగిన బిడ్డను కక్కించకూడదు. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గొంతు రెండోసారి కాలుతుంది. వెంటనే 108 కు ఫోన్ చేయాలి. తాగిన సీసాను కూడా ఆసుపత్రికి తీసుకుపోవాలి. సీసా చూస్తే ఏం తాగాడో డాక్టరుకు తెలుస్తుంది.

ఆ బిడ్డ బతికాడు. 8 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పుడు ఇదిగో, ఆ వాకిట్లో ఆడుకుంటున్నాడు.

వదిన నాతో ఒక మాట అంది. "ఆ ఇంటిముందు బోర్డు ఉందో లేదో నేను చూడనేలేదు టీచరమ్మా. ఉన్నా చదవలేను కదా" అని. ఇప్పుడు ఆమె చదవగలదు. మీరు కూడా చదవగలరు. అందుకే ఈ మాటలు ఇప్పుడు చెప్పుకోవాలి.

రెండు సంగతులు చెప్తాను. వినేదానికి కష్టంగా ఉంటుంది. అయినా వినండి.

తమిళనాడులో కుంభకోణం అనే ఊరు ఉంది. మనవాళ్లు కొందరు అక్కడి గుళ్లకు పోయి ఉంటారు. 2004 జులై 16 న ఆ ఊరిలో ఒక ప్రైవేటు బడి కాలింది. 94 మంది చిన్నబిడ్డలు చనిపోయారు. నిప్పు ఎక్కడ పుట్టింది? మధ్యాహ్నం అన్నం వండే చోట. అక్కడ నుంచి పూరి కప్పుకు అంటుకుంది. బిడ్డలు మేడ మీద ఉన్నారు. వాళ్ల తలమీద కూడా కొట్టం కప్పే. మెట్లు ఇరుకు. దిగే దారి చాలలేదు. కాలుతున్న కప్పు బిడ్డల మీద పడింది.

దీని మీద విచారణ జరిగింది. కేసు పదేళ్లు నడిచింది. 2014 జులైలో తంజావూరు కోర్టు ఆ బడి యజమానికి యావజ్జీవ శిక్ష వేసింది. ఇంకా 9 మందికి కూడా శిక్ష పడింది. వాళ్లలో ప్రభుత్వ విద్యాశాఖ ఉద్యోగులు కూడా ఉన్నారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. బడి నడిపినవాళ్లతో పాటు, చూడాల్సింది చూడని ఉద్యోగులు కూడా బోనెక్కారు. సుప్రీంకోర్టు కూడా 2009 లో ఒక తీర్పు ఇచ్చింది. ప్రమాదం లేని బడిలో చదవడం బిడ్డల హక్కు అని చెప్పింది.

రెండో సంగతి బీహారులో జరిగింది. అది కూడా జులై 16 నే. 2013 వ సంవత్సరం. ఒక పల్లె బడిలో మధ్యాహ్నం అన్నం తిని 23 మంది బిడ్డలు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. మోనోక్రోటోఫాస్ అనే మందు. మనం కూడా పైర్లకు కొట్టిన మందే అది. మందు డబ్బాను కడిగి నూనె పోసుకుంటే ఏమవుతుందిలే అని అనుకునేవాళ్లు మన పల్లెల్లోనూ ఉన్నారు. నేను కళ్లారా చూశాను. మందు డబ్బాలో నీళ్లు తెచ్చి బిడ్డల చేతులు కడిగించారు.

ఇవి ఎక్కడో జరిగాయి కదా అనవద్దు. 2019 లో మన కర్నూలు జిల్లా పాణ్యంలో ఒక ప్రైవేటు బడిలో చిన్నబిడ్డ అన్నానికి వరసలో పోతూ ఉడుకుడుకు సాంబారు గిన్నెలో పడ్డాడు. బతకలేదు. గిన్నె నేలమీద ఉంది. బిడ్డలు దాని పక్కనే నడిచారు. ఆ గిన్నె బల్లమీద ఉండి ఉంటే! లేదా వంటగదికి ఒక అడ్డం ఉండి ఉంటే!

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

బిడ్డలను చూసుకునే చోట్లు చాలా రకాలు. అంగన్‌వాడీ ఒకటి. ఫ్యాక్టరీ వాళ్లు పెట్టే శిశుగృహం ఒకటి. క్రెష్ అంటారే, అదే. డబ్బు తీసుకుని నడిపే ప్లే స్కూలు ఒకటి. తల్లీతండ్రీ లేని బిడ్డలను ఉంచే హోమ్ ఇంకొకటి. అన్నిటికీ ఒకే కాగితం, ఒకే చట్టం లేదు. దీన్నే చాలామంది అడ్డం పెట్టుకుంటారు. "మాకు లైసెన్సు అక్కరలేదమ్మా" అని తప్పించుకుంటారు.

హోమ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. 2015 లో వచ్చిన బాలల న్యాయ చట్టం ప్రకారం ఆ హోమ్‌లు రిజిస్టరు కావాలి. రిజిస్టరు చేయకుండా నడిపితే ఏడాది దాకా జైలు పడొచ్చు, లేదా లక్ష రూపాయలకు తక్కువ కాకుండా జరిమానా పడొచ్చు. రెండూ కూడా పడొచ్చు. "మీ బిడ్డను మేము చదివిస్తాం, మా హోమ్‌కు పంపించండి" అని ఎవరైనా ఊరికి వస్తే మొదట ఆ రిజిస్టరు కాగితం అడగండి. చూపించకపోతే పంపించవద్దు.

ప్లే స్కూళ్ల గురించి 2017 లో జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్ ఒక పద్ధతి రాసింది. గుర్తింపు తీసుకునే నడపాలి అంది. 3 ఏళ్లు నిండని బిడ్డను చేర్చుకోకూడదు అంది. 20 మంది బిడ్డలకు ఒక టీచరు ఉండాలి, చూసుకునే ఒక ఆయా కూడా ఉండాలి అంది. మగబిడ్డలకూ ఆడబిడ్డలకూ వేరువేరు మరుగుదొడ్లు, చుట్టూ గోడ ఉండాలి అంది. ఇది చట్టం అంత గట్టిది కాదు. అయినా అడిగేదానికి మన చేతిలో ఒక కొలత ఉంటుంది. వదిన కొడుకు ఉన్న ఇంట్లో 30 మందికి ఒక్క మనిషి. కొలత ప్రకారం ఎంతమంది ఉండాలి? వేళ్లమీద లెక్క వేసుకోండి.

3 ఏళ్లలోపు బిడ్డలకు ఇంకా ఎక్కువమంది కావాలి. పనిచోట్ల పెట్టే శిశుగృహాలకు కేంద్ర ప్రభుత్వం 2018 లో కొన్ని సూచనలు ఇచ్చింది. వాటి ప్రకారం 3 ఏళ్లలోపు వాళ్లయితే 10 మందికి ఒక మనిషి. అంతకు పైబడిన వాళ్లయితే 20 మందికి ఒక మనిషి. తోడుగా ఆయా ఉండాలి. దగ్గర్లో తెరిచిన కాలువలు, గుంతలు ఉండకూడదు. ఇది రాసిన వాళ్లెవరో ఢిల్లీలో ఉంటారు. అయినా చంటిబిడ్డను ఎత్తుకున్నవాళ్లే రాసినట్టుంది. పాకే బిడ్డ ఒక పక్క, పరిగెత్తే బిడ్డ ఒక పక్క. ఒక మనిషికి ఎన్ని చేతులు ఉంటాయి?

సరే, ఫ్యాక్టరీ. ఇది మీకు బాగా కావలసింది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే శిశుగృహం మాట ఉంది. 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో 6 ఏళ్లలోపు బిడ్డలకు గది ఇవ్వాలి. ఆ గదిలో చాలినంత చోటు ఉండాలి. వెలుతురూ గాలీ రావాలి. శుభ్రంగా ఉండాలి. బిడ్డలను చూసేదానికి శిక్షణ పొందిన ఆడమనిషి ఉండాలి. ఇన్ని ఏళ్లు ఆ చట్టం ఉంది. మన పక్క ఆ గదిని చూసినవాళ్లు ఎంతమంది? చేయి ఎత్తండి. ఊఁ. ఒక్కరూ లేరు.

కొంతమంది మేస్త్రీలు ఒక ఉపాయం చేసేవాళ్లు. ఆడవాళ్ల లెక్క 30 దాటకుండా కాగితంలో 28 అనో, 29 అనో రాసేవాళ్లు. ఇప్పుడు లెక్క మారింది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక చట్టాలు అమలుకు వచ్చాయి. పాత ఫ్యాక్టరీల చట్టం వాటిలో కలిసిపోయింది. కొత్త చట్టంలో శిశుగృహానికి లెక్క 50 మంది. ఆడా మగా అందరినీ కలిపి ఆ లెక్క. కాబట్టి "ఆడవాళ్లు తక్కువమందే కదా" అని తప్పించుకునే దారి పోయింది. ఇంకొక మాట. శిశుగృహం ఉన్నచోట తల్లి రోజుకు 4 సార్లు పోయి బిడ్డను చూసి రావచ్చు. పాలు ఇచ్చి రావచ్చు. ఇది 2017 లో ప్రసూతి చట్టంలో చేర్చారు. కొత్త చట్టంలోనూ ఉంది. దానికి మేస్త్రీ కసురుకోకూడదు.

"అడిగితే రేపటి నుంచి పనికి రావద్దు అంటారు టీచరమ్మా" అని అక్కడ ఒక అక్క అంటోంది. అంటారు. నేను కాదనను. ఒక్కరే పోయి అడిగితే అంటారు. సంఘం పేరుతో కాగితం రాసి, 20 మంది సంతకాలు పెట్టి, ఒక కాపీ కార్మిక శాఖ ఆఫీసులో ఇచ్చి, దానిమీద ముద్ర వేయించుకుంటే అంత సులభంగా అనలేరు. ఇంత చేసినా పని జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. ముద్ర వేసిన కాగితం మాత్రం మన దగ్గర ఉంటుంది.

ఉపాధి పనిలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉండేది. 2005 చట్టంలో రాశారు. పనిచోటికి 6 ఏళ్లలోపు బిడ్డలు 5 మంది, అంతకు పైన వస్తే, వాళ్లను చూసేదానికి ఒక ఆడమనిషిని పెట్టాలి. ఆమెకు కూడా అందరి మాదిరి కూలి ఇవ్వాలి. మనవాళ్లు చాలామంది చెరువు పనికి పోయారు. బిడ్డలను గట్టుమీద ఎండలో పడుకోబెట్టారు. ఈ మాట ఎవరూ మనకు చెప్పలేదు. 2025 చివర్లో ఆ చట్టం చోట వేరే చట్టం వచ్చింది. కొత్త పని మొదలు పెట్టే రోజునే బిడ్డల నీడ సంగతి, చూసే మనిషి సంగతి అడగండి.

చట్టాలు చాలు. తల నొప్పి పుట్టింది కదా? ఇప్పుడు కళ్లతో చూసేది చెప్తాను.

బిడ్డను చేర్చే ముందు ఒకసారి పోయి ఆ చోట కాసేపు కూర్చోండి. చెప్పి పోవద్దు. వంట జరిగే వేళకు పోండి. పైకి చూడండి. కొట్టమా, రేకులా, మిద్దెనా? పొయ్యి ఎక్కడ ఉంది? బిడ్డలు పడుకునే చోటికీ పొయ్యికీ నడుమ గోడ ఉందా? గ్యాస్ సిలిండరు బిడ్డల చేతికి అందుతుందా? నిప్పు అంటుకుంటే బయటికి వచ్చే దారులు ఎన్ని? ఒకటేనా? ఆ ఒక్క వాకిలికీ లోపల గడియ పెడుతున్నారా, బయట తాళం వేస్తున్నారా? బయట తాళం వేసి అంగడికి పోయే చోట బిడ్డను వదలవద్దు. ఎంత తెలిసినవాళ్లయినా సరే.

తర్వాత నీళ్లు. మన పక్క బావి, సంపు, తొట్టి, బకెట్, అన్నీ నీళ్లే. పాకే బిడ్డకు జానెడు నీళ్లు చాలు మునిగేదానికి. సంపుకు మూత ఉందా? మూత ఉంటే చాలదు. దాన్ని చిన్నబిడ్డ ఎత్తలేకుండా ఉండాలి. తాగే నీళ్ల కుండకు మూత, గరిటె ఉన్నాయా? కరెంటు ప్లగ్గులు ఎంత ఎత్తులో ఉన్నాయి? ఫినాయిల్, ఎలుకల మందు ఎక్కడ పెడుతున్నారు? మామిడితోటల పక్క ఉంటే పురుగుమందు డబ్బాలు ఎక్కడ పారేస్తున్నారు? చుట్టూ పొదలు ఉంటే పాములు వస్తాయి. ఆ మాట మీకు నేను చెప్పాలా!

బిడ్డలకు పెట్టే ముందు అన్నం పెద్దవాళ్లు ఒక ముద్ద తిని చూడాలి. బీహారులో ఆ రోజు నూనె తేడాగా ఉందని వంటామె అందట. ఆమె మాట ఎవరూ వినలేదు. గుడ్లు ఇస్తారు కదా, వాటిని ఉడకేసే ముందు నీళ్లలో వేసి చూడాలి. మంచి గుడ్డు మునుగుతుంది. పాడైన గుడ్డు తేలుతుంది.

ఇంకొకటి. సందకాడ బిడ్డను ఎవరికి అప్పగిస్తున్నారు? తెలిసినవాడే అని ఎవరికంటే వాళ్లకు అప్పగించకూడదు. ఒక నోటుబుక్కు ఉండాలి. తెచ్చి వదిలినవాళ్ల సంతకం, తీసుకుపోయినవాళ్ల సంతకం అందులో ఉండాలి. మునుపు మనం వేలిముద్ర వేసేవాళ్లం. పైన ఏం రాశారో తెలిసేది కాదు. ఇప్పుడు చదివి సంతకం పెట్టండి.

బిడ్డకు మాటలు వచ్చి ఉంటే రోజూ అడగండి. "ఈరోజు ఏం తిన్నావు? ఎవరు ఎత్తుకున్నారు? ఎవరు కొట్టారు?" అని. పోయేదానికి రోజూ ఏడ్చే బిడ్డను కొట్టి పంపవద్దు. ఏదో ఉంది. ఏదైనా చెడు జరిగితే 1098 కు ఫోన్ చేయండి. అది బిడ్డల కోసం పెట్టిన నంబరు. డబ్బు పడదు. నిప్పు అంటుకుంటే 101.

ఇక మన కాలనీ సంగతి. దీనికోసమే నేను ఈరోజు వచ్చాను.

1975 అక్టోబరు 2 న మన దేశంలో ఐసిడిఎస్ మొదలైంది. అంగన్‌వాడీలు అందులో నుంచి వచ్చాయి. అంగన్‌వాడీకి ఎవరూ లైసెన్సు తీసుకోరు. అది ప్రభుత్వానిది. పైన సూపర్‌వైజరు, ఆపైన సిడిపివో ఉంటారు. నేను చూసిన కార్యకర్తలలో చాలామంది కష్టపడి పనిచేసేవాళ్లే. చాలీచాలని డబ్బుతో, మాటిమాటికీ కొత్త రికార్డులు రాస్తూ బిడ్డలను చూస్తారు. వాళ్లమీద కోపం వద్దు.

మన ఊరికి అంగన్‌వాడీ ఉంది. కానీ ఎక్కడ ఉంది? రోడ్డుకు అవతల. మన కాలనీ ఇవతల. నడుమ బెంగళూరు రోడ్డు. లారీలు ఎట్లా వస్తాయో మీకు తెలుసు. మూడేళ్ల బిడ్డను రోజూ ఆ రోడ్డు దాటించాలి. అందుకే మీలో చాలామంది పంపడం లేదు. బిడ్డలకు రావలసిన గుడ్డూ పాలూ పోతున్నాయి. పెద్దబిడ్డల బడి పోతోంది.

సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13 న ఒక ఆర్డరు ఇచ్చింది. ఒక నివాసంలో 6 ఏళ్లలోపు బిడ్డలు 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేకపోతే, అక్కడివాళ్లు అడిగిన 3 నెలల్లో ఇవ్వాలి. పల్లెలకూ, టౌనుల్లో మురికివాడలకూ కూడా అదే మాట.

నిన్న సాయంత్రం సంఘం లీడరక్క, ఇంకా ఇద్దరు కలిసి ఇల్లిల్లూ తిరిగి లెక్క తీశారు. 43 మంది బిడ్డలు. పేరు, వయసు, తల్లి పేరు అన్నీ రాశారు. రాసింది ఎవరో తెలుసా? పోయిన సంక్రాంతికి "అ" దిద్దిన అక్క. రెండు పేర్లకు దీర్ఘాలు తప్పిపోయాయి. సరిచేశాం. ఎవరి బిడ్డ పేరైనా మరిచిపోయి ఉంటే ఇప్పుడే చెప్పండి.

అంగన్‌వాడీ అని అడిగితే చాలదు. ఎట్లాంటిది కావాలో కూడా అర్జీలో రాయాలి. అద్దెకు ఏదో కొట్టం చూసి బోర్డు తగిలించవద్దు అని రాయాలి. మిద్దె కావాలి. వంటకు వేరే గది కావాలి. నీళ్లు, మరుగుదొడ్డి, చుట్టూ గోడ, గేటు కావాలి. కాలనీలో రచ్చబండ పక్కన ఖాళీ స్థలం ఉంది కదా, దాని సంగతి కూడా రాద్దాం. అక్కడ పాడుబడిన బావి ఒకటి ఉంది. దాన్ని పూడ్చిన తర్వాతే కట్టాలి. ఈ మాట అందరికన్నా ముందు మన అవ్వ చెప్పింది. ఆమె మనవడు అందులో పడబోయి తప్పించుకున్నాడు.

అర్జీ నేను రాయను. కాగితాలు తెచ్చాను, పెన్ను తెచ్చాను. మీరు చెప్పండి, మీలో ఒకరు రాయండి, ఇంకొకరు పైకి చదవండి. తప్పులు పోతే పోనీ. చదివేవాళ్లకు అర్థమైతే చాలు. రెండు కాపీలు రాయాలి. ఒకటి సిడిపివో మేడంకు. ఇంకొకటి చిత్తూరు కలెక్టరాఫీసులో, సోమవారం అర్జీలు తీసుకునే చోట ఇవ్వాలి. ఇచ్చినదానికి రసీదు అడగాలి. ఆ రసీదు మీద తేదీ చూసుకోవాలి. 3 నెలలు లెక్కపెట్టేది ఆ తేదీ నుంచే.

సోమవారం పొద్దున 7 గంటల బస్సుకు పోదాం. ఎవరెవరు వస్తారో ఈ కాగితం మీద మీ పేర్లు రాయండి. చిన్నబిడ్డలు ఉన్నవాళ్లు రావద్దు. ఆ రోజు బిడ్డలను చూసేదానికి ఇక్కడ ఎవరు ఉంటారో, అది కూడా ఇప్పుడే చెప్పుకుందాం.